9 అడ్డం: అనుమానం లేదు, మూడు గళ్లు, చివర ‘తం’. ఎవరికైనా తట్టిందా?

బైరాగిపట్టెడ_బాల
ఆదివారం పజిల్‌లో ఒక్క పదం దగ్గర ఆగిపోయాం. 9 అడ్డం. అర్థం ‘అనుమానం లేదు’. మూడు గళ్లు, చివరి గడిలో ‘తం’. ఆ ‘తం’లో తేడా లేదు, ఎందుకంటే అక్కణ్ణుంచి కిందికి ‘బొమ్మలకూ వీణలకూ పేరున్న ఊరు (4)’, అంటే తంజావూరు. మా మామయ్య టిఫిన్ దగ్గర్నుంచి ఈ పేపర్ పట్టుకుని కూర్చున్నారు. టీవీ పెట్టనివ్వడం లేదు, పెడితే ధ్యాస పోతుందంట. నేను చెప్పినవన్నీ కొట్టేశారు. కాస్త త్వరగా చెప్పండి, రాత్రికి సీరియల్ ఉంది.

లీలామహల్_సెంటర్
కచ్చితం. అయిపోయింది. సీరియల్ చూసుకోండి.

గ్రీమ్స్‌పేట_గిరి
నిశ్చితం కూడా పడుతుంది కదన్నా. ఎట్ల తేల్చేశావు?

లీలామహల్_సెంటర్
నిశ్చితం అని ఎవరంటారబ్బా? నిశ్చయం అంటారు, నిశ్చితార్థం అంటారు. మధ్యలో ఈ నిశ్చితం ఎక్కడిది?

గ్రీమ్స్‌పేట_గిరి
పెళ్లికి ముందు చేసేదాంట్లో అర్థం తీసేస్తే మిగిలేది అదే కదా.

పుత్తూరు_కట్టు
పెళ్లికి ముందు అర్థం ఉండదు, పెళ్లయ్యాక అర్థమవుతుంది. సారీ, ఆగలేకపోయాను.

పదాలపిచ్చి
ఇలా ఒకటి తట్టగానే రాసేస్తే పజిల్ మొత్తం పాడవుతుంది. అనుమానం లేదు అనే అర్థానికి తెలుగులో మాటలకు కరువు లేదు. రెండు గళ్లకే ఖాయం, తథ్యం, ధ్రువం, రూఢి, నిక్కం, పక్కా ఉన్నాయి. మూడింటికి నిశ్చయం, ఖరారు, నికరం, అవశ్యం, తప్పదు, గ్యారంటీ. నాలుగంటే తప్పకుండా, ముమ్మాటికి, నిస్సంశయం, నిస్సందేహం, నిర్వివాదం. తప్పనిసరి ఐదు. మనకు కావాల్సినవి చివర ‘తం’ ఉన్న మూడు గళ్లవి కాబట్టి నా పాత నోటుపుస్తకం తీసి చూశాను: కచ్చితం, నిశ్చితం, నిర్ణీతం, నియతం. అంటే నాలుగు నిలబడ్డాయి. వీటిలో ఏదో తేలాలంటే మొదటి గడి కావాలి. బాల గారూ, ఆ మొదటి గడి నుంచి నిలువుగా ఏదైనా పదం ఉందా? ఇంకో మాట, మీరు ఇచ్చింది ఆధారం మొత్తమా, అందులో ముక్కా? ‘అర్థం’ అని రాశారు, అందుకే అడుగుతున్నా.

అలిపిరి_మెట్లు
‘నోటుపుస్తకం తీసి చూశాను.’ ఇలాంటి వాళ్లు ఉండబట్టే ఈ చోటు నడుస్తోంది.

బైరాగిపట్టెడ_బాల
మొదటి గడి నుంచి కిందికి రెండు గళ్ల పదం ఉంది, అదీ తేలలేదు. ‘ఇది తింటే కడుపు నిండదు, నోరు తెరుచుకుంటుంది (2)’. నడిమి గడి కింద నల్ల గడి. 9 అడ్డం ఆధారం మొత్తం కావాలంటే ఇదిగో: ‘నరికినా సరే, అనుమానం లేదు (3)’. నరికినా సరే అన్నది ఊరికే జోరు కోసం రాశారనుకుని వదిలేశాను. మన ఊళ్లో మాట్లాడేదే అట్ల కదా, నన్ను నరికినా ఆ పని చెయ్యను అని.

పదాలపిచ్చి
అమ్మా! ఆధారంలో ఊరికే రాసే మాట ఉండదు!

లీలామహల్_సెంటర్
తింటే కడుపు నిండనిది లంచం. రెండు గళ్లు సరిపోయాయి.

గ్రీమ్స్‌పేట_గిరి
తినేవాళ్లను అడుగు, బాగానే నిండుతుందంటారు. పైగా మన పదం ‘లం’తో మొదలవ్వాలి. లంచితం?

పుత్తూరు_కట్టు
లంచితం: ఇస్తే పని అవుతుంది, అనుమానం లేదు. అర్థం కూడా సరిపోయింది.

అలిపిరి_మెట్లు
నిప్పు! నిప్పు తింటే కడుపు నిండదు, నోరు తెరుచుకుంటుంది. ‘ని’ మొదటి అక్షరం కాబట్టి నిశ్చితం, నిర్ణీతం, నియతం మూడూ బతికాయి. కచ్చితం పోయింది.

లీలామహల్_సెంటర్
నిప్పు ఎవరు తింటారు?

అలిపిరి_మెట్లు
అందుకే నోరు తెరుచుకుంటుంది.

గ్రీమ్స్‌పేట_గిరి
ఇది బాగుంది గానీ ‘నరికినా’కు లెక్క చెప్పలేదు. నిశ్చితంలో నరకడం ఎక్కడుంది? తల నరికితే శ్చితం, తోక నరికితే నిశ్చి. రెండూ మాటలు కావు.

కోడ్_కుమార్
ఇలాంటి వెతుకులాట కోసమే ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను, యూనివర్సిటీ హాస్టల్‌లో పని లేనప్పుడు. గళ్ల సంఖ్య, తెలిసిన అక్షరాలు ఇస్తే సరిపోయే పదాలు తీస్తుంది. రాయడం మొదలుపెట్టాక తెలిసింది, కంప్యూటర్‌కు మన గడి అంటే ఏంటో తెలియదని. మనకు నిశ్చయం మూడు గళ్లు. దానికేమో ఏడు: న, గుడి, శ, పొల్లు, చ, య, సున్న. పొడవు మూడు ఉన్న పదాలు తీయమంటే ‘గడి’ లాంటివి తెచ్చి పెట్టింది, గ, డ, గుడి అని లెక్కేసి. అక్షరాలను గుంపులుగా విడగొట్టే యూనికోడ్ నియమం వాడితే కొంత నయం, కానీ అది కూడా చాలాకాలం ఒత్తుల దగ్గర తెంపేసేది, ‘శ్’ ఒక ముక్క, ‘చ’ ఒక ముక్క. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగుతో పాటు కొన్ని భారతీయ లిపులకు ఒత్తులు విడగొట్టకూడదని నియమం చేర్చారు. నా దగ్గరున్న లైబ్రరీ అంతకంటే పాతది, అందుకే నేనే రాసుకున్నా: హల్లు తర్వాత పొల్లు ఉండి, దాని వెనకే ఇంకో హల్లు ఉంటే మొత్తం ఒకే గడి. సున్న ఎప్పుడూ ముందు అక్షరంతోనే. చివరి పొల్లుకు మాత్రం సొంత గడి, కాలేజ్ అంటే మూడు.

లీలామహల్_సెంటర్
తమ్ముడూ, బాగుంది. జవాబు చెప్పు.

కోడ్_కుమార్
మూడు గళ్లు, చివర ‘తం’ అని అడిగితే వందల్లో వచ్చాయన్నా. సంగీతం, జీవితం, భారతం, పండితం, అమృతం… అది పదాలు తీస్తుంది గానీ అర్థం చూడదు.

చంద్రగిరి_చిన్నమ్మ
జీవితం పెట్టుకోండి. నరికినా సరే అనుమానంతోనే గడుస్తుంది.

కట్టమంచి_కుర్రోడు
మా పెదనాన్న అయితే ప్రమాణం అని రాసేవాడు. చివర ‘తం’ లేకపోయినా సరే. ఆయనకు అనుమానం లేదు అంటే కాణిపాకమే. ఒకాయన అప్పు తీసుకుని అస్సలు తీసుకోలేదని అడ్డంగా వాదిస్తే, మా పెదనాన్న గొంతు కూడా పెంచలేదు. ‘సరే, వినాయకుడి దగ్గరికి పోదాం, తల మీద నీళ్లు పోసుకుని అక్కడ చెప్పు, నేను వదిలేస్తా’ అన్నాడు. ఇద్దరూ చిత్తూరు బస్టాండులో కాణిపాకం బస్సు కోసం నిలబడ్డారు. బస్సు వచ్చేలోపే ఆయనకు అప్పు గుర్తొచ్చింది.

గ్రీమ్స్‌పేట_గిరి
మా పక్క కూడా అంతే. పోలీసు స్టేషన్‌కు రమ్మంటే వస్తారు, కాణిపాకం రమ్మంటే వెనకాడతారు.

అలిపిరి_మెట్లు
చర్చ దారి తప్పింది. నిప్పు, నిశ్చితం. నేను అదే అంటున్నా.

మాజీ_తెలుగు_సార్
పిల్లలు బాగానే తిప్పలు పడుతున్నారు కాబట్టి ఒక దారి చెబుతాను, జవాబు చెప్పను. ఇలాంటి ఆధారంలో రెండు సగాలుంటాయి. రెండింటికీ ఒకే మాట సరిపోవాలి. ‘సరే’ అన్నది ఆ రెంటినీ కలిపే కుట్టు. ఒక సగం ‘నరికిన’, రెండో సగం ‘అనుమానం లేదు’. ఒక మాట తీసుకుని రెండు వైపుల నుంచీ చూడండి. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళ నుడికట్లు చేసిన కాలం నుంచీ తెలుగు పజిళ్లలో ఈ మెలిక ఉంది. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అచ్చు వేయించిన మొదటి పజిల్‌లో ఇంత మాయ లేదు, ఆధారాలు సూటిగా ఉండేవి. మాయ తర్వాత చేరింది. ఆ మాయ మనకు బాగా వంటబట్టింది, శ్లేష అంటే మనవాళ్లకు మొదట్నుంచీ ఇష్టం కదా.

పదాలపిచ్చి
సార్, ఆగండి. నరికినది… తెగినది… ఖండం… ఖండితం! ఖం, డి, తం. మూడు గళ్లు. నా పుస్తకంలో ఇది ముక్కలైనది అనే అర్థం కింద ఉంది, నిశ్చయం కింద రాసుకోలేదు.

అలిపిరి_మెట్లు
ఒక్క నిమిషం. ఖండితం అంటే నరికినది, సరే. అనుమానం లేదు అని ఎట్లవుతుంది? టీవీలో రోజూ వింటున్నాం, ‘ఆ ఆరోపణలను మంత్రి ఖండించారు’ అని. ఖండించడం అంటే కాదనడం. కాదన్నది ఔనని ఎట్ల అవుతుంది? ఇది తప్పు ఆధారమైనా అయ్యుండాలి, లేదా జవాబు ఇది కాదు.

గ్రీమ్స్‌పేట_గిరి
ఖండితంగా చెప్పాడు అంటారు కదన్నా. మా నాయన అనేవాడు, ‘ఖండితంగా చెప్తున్నా, ఈ సంవత్సరం బైక్ లేదు’ అని. అందులో అనుమానం ఏమైనా ఉందా? నాకైతే అస్సలు లేకుండా పోయింది.

అలిపిరి_మెట్లు
అది గట్టిగా చెప్పడం. గట్టిగా చెప్పినంత మాత్రాన అది నిజం కాదు.

మాజీ_తెలుగు_సార్
నిఘంటువు చూడండి. ఖండితము అన్నదానికి తెగినది అని ఒకటి, నిశ్చితము అని ఒకటి, రెండు అర్థాలూ ఉన్నాయి. మీకు నిఘంటువు వద్దంటే ఇంట్లో మాట వినండి. ‘తెగేసి చెప్పాడు’ అంటామా లేదా? ఏమి తెగేసాడు? కత్తి ఉందా చేతిలో? సందేహం తెగిపోయేట్టు చెప్పాడని. సంస్కృతంలో ఖండితం, తెలుగులో తెగేసి. మాట ఒకటే. మంత్రి గారు ఖండించేది ఎదుటివాడి మాటను, ఖండితంగా చెప్పేది తన మాటను. కత్తి ఒకటే, కోసే వైపు వేరు.

లీలామహల్_సెంటర్
సార్ కరెక్టుగా కొట్టారు. నా కచ్చితం వెనక్కి తీసుకుంటున్నా. దాన్ని ‘క’తో రాయాలా ‘ఖ’తో రాయాలా అని కొట్లాడే బాధ కూడా తప్పింది.

పదాలపిచ్చి
దాని గురించి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ మొదలుపెడితే సంక్రాంతి దాకా నడుస్తుంది.

చంద్రగిరి_చిన్నమ్మ
నేను ఖండిత అన్నది డాన్స్ క్లాసులోనే విన్నాను. అష్టవిధ నాయికల్లో ఒకరు. రాత్రంతా రాని నాయకుడు పొద్దున్నే, పక్కింటి గుర్తులతో వస్తాడు, ఆమె నిలదీస్తుంది. మా మాస్టారు నేర్పించేటప్పుడు ‘కోపం చూపించు, ఏడుపు కాదు’ అని తిట్టేవారు.

పుత్తూరు_కట్టు
అంటే ఆమెకు కూడా అనుమానం లేదు. ఖండితంగా తెలుసు.

చంద్రగిరి_చిన్నమ్మ
ఇది మా మాస్టారుకు చెప్పాలి!

కట్టమంచి_కుర్రోడు
మా వైపు ఇంకోటి ఉంది. సగం మందికి వేలూరులోనో కాట్పాడిలోనో చుట్టాలు, కాబట్టి ‘కండిప్పా వస్తాను’ అంటారు. తమిళంలో కండిప్పా అంటే తప్పకుండా అని. మా అత్త పెళ్లికి పిలిచిన ప్రతి ఒక్కరూ ‘కండిప్పా’ అన్నారు. వచ్చినవాళ్లు తక్కువ. వంద మందికి చేసిన సాంబారు రెండు రోజులు తిన్నాం.

అలిపిరి_మెట్లు
చూశారా, అదే నేను చెప్పేది. గట్టిగా చెప్పడానికీ, జరగడానికీ సంబంధం లేదు. జరిగి తీరేదానికి సరైన మాట ధ్రువం. పుట్టినవాడికి చావు ధ్రువం అని గీతలోనే ఉంది, జాతస్య హి ధ్రువో మృత్యుః. అక్కడ ఖండితం అనలేదు కదా.

మాజీ_తెలుగు_సార్
ధ్రువం రెండే గళ్లు నాయనా.

లీలామహల్_సెంటర్
గీతాకారుడికి గళ్ల లెక్క లేదు, ఛందస్సు లెక్క ఉంది.

గ్రీమ్స్‌పేట_గిరి
ధ్రువం అంటే మీ సేవ గుర్తొస్తుంది. ధ్రువీకరణ పత్రం కోసం పోతే ముందు నేను బతికే ఉన్నానని ధ్రువీకరించే కాగితం అడిగారు. ఎదురుగా కూర్చునే ఉన్నా.

పుత్తూరు_కట్టు
అక్కడ ఖండితంగా కూర్చుని ఉండాల్సింది, అంటే రెండు ముక్కలుగా, అప్పుడు నమ్మేవాళ్లు. ముక్కలైతే భయపడకు, మా పుత్తూరుకు రా. ఎముక ఏదైనా సరే, ఆకులు పెట్టి కట్టు కట్టి పంపిస్తారు.

బైరాగిపట్టెడ_బాల
అన్నీ బాగున్నాయి, కానీ ఖండితం రాస్తే మొదటి గడి ‘ఖం’. తింటే కడుపు నిండని, నోరు తెరుచుకునేది ‘ఖం’తో మొదలవ్వాలి. మామయ్య పెన్ను మూత తీసి కూర్చున్నారు. పెన్సిల్ వాడరు, పెన్నే. కాబట్టి నిర్ధారణ లేకుండా చెప్పకండి.

పదాలపిచ్చి
ఖంగు. ‘ఖంగు తిన్నాడు’ అంటాం. ఖంగు తింటే కడుపు నిండదు, ఆశ్చర్యంతో నోరు తెరుచుకుంటుంది. రెండు గళ్లు, ఖం, గు. ఇప్పుడు అడ్డం నిలువు రెండూ కలిశాయి. ‘తం’ తంజావూరుతో, ‘ఖం’ ఖంగుతో. నడిమిది నల్ల గడి మీద ఉంది కాబట్టి దానికి సాక్షి లేదు, అయినా ఖం_తం మధ్య ఇంకే అక్షరం పెట్టినా అర్థం రాదు.

లీలామహల్_సెంటర్
నేను అచ్చంగా ఖంగు తిన్నాను. కడుపు నిండలేదు, నిజమే.

అలిపిరి_మెట్లు
కంగు తిన్నాడు అని కూడా రాస్తారు. ‘క’తో.

పదాలపిచ్చి
రాస్తారు. కానీ కండితం అని రాయరు. అడ్డం పదం నిలువును తేల్చింది. రెండు వైపులా అనుమానం ఉన్నప్పుడు ఏది మెలిక పడదో దాన్ని పట్టుకోవాలి.

కోడ్_కుమార్
ఇప్పుడే నా ప్రోగ్రామ్‌లో ‘ఖం’, ఏదో ఒకటి, ‘తం’ అని వెతికాను. ఒక్కటే వచ్చింది, ఖండితం. నాలాంటివాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్తున్నా, ఆంధ్రభారతి సైట్‌లో నిఘంటువులన్నీ ఒకేచోట వెతకొచ్చు, శబ్దరత్నాకరం, బ్రౌణ్యం, సూర్యరాయాంధ్రం. పదం ఊహించాక అర్థం సరిచూసుకోవడానికి అదే వాడతాను.

గ్రీమ్స్‌పేట_గిరి
తమ్ముడూ ఆ ప్రోగ్రామ్ ఇక్కడ పెట్టేస్తే మేమూ వాడుకుంటాం.

మాజీ_తెలుగు_సార్
పెట్టకు. వీళ్లు ఇంక ఆలోచించరు.

కోడ్_కుమార్
సార్ చెప్తే సరే. పరీక్షలయ్యాక చూస్తాను.

బైరాగిపట్టెడ_బాల
రాసేశారు. పెన్నుతో. ఒక్కసారి మొత్తం చదివి ‘ఆఁ, నాకు ముందే తెలుసు’ అన్నారు. సీరియల్ సగం అయిపోయింది.

చంద్రగిరి_చిన్నమ్మ
మావారు కూడా అంతే, జవాబు చెప్పాక తెలుసంటారు.

కట్టమంచి_కుర్రోడు
2022 ఏప్రిల్ 4న మన జిల్లా ఖండితం అయింది, ఆ రోజు కూడా మా ఇంట్లో అందరూ ముందే తెలుసన్నారు.

అలిపిరి_మెట్లు
నేను ఒప్పుకోను. ఆధారం ‘అనుమానం లేదు’ అని ఉంది, అది పూర్తి వాక్యం. జవాబు ఖండితం, అది విశేషణం. ‘అనుమానం లేనిది’ అని ఇచ్చి ఉంటే నోరు మూసుకునేవాణ్ణి. నరికినా సరే అన్న మెలిక బాగుంది, కాదనను. కానీ వ్యాకరణం చూసుకోకుండా మెలిక పెడితే ఎట్ల?

మాజీ_తెలుగు_సార్
ఇది మాత్రం సరైన అభ్యంతరం. ఆధారం ఏ రూపంలో ఉంటే జవాబూ ఆ రూపంలోనే ఉండాలి. నేనైతే ‘నరికినదే, అనుమానం లేనిదే’ అని ఇచ్చేవాణ్ణి.

పదాలపిచ్చి
సార్, అలా ఇస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. ‘సరే’ పోతే మోసమే ఉండదు.

మాజీ_తెలుగు_సార్
మోసం ఉండొచ్చు, అన్యాయం ఉండకూడదు. రెండూ ఒకటి కాదు.

లీలామహల్_సెంటర్
వచ్చే ఆదివారం జవాబులు అచ్చవుతాయి, అప్పుడు చూద్దాం. నేను ఇంకా నా కచ్చితం మీద పది రూపాయల పందెం కాస్తాను, సార్ కోసం వెనక్కి తీసుకున్నాను గానీ మనసు ఒప్పడం లేదు.

గ్రీమ్స్‌పేట_గిరి
పదిరూపాయలు కాదు, ఒక ప్లేట్ మసాలా దోశ. చిత్తూరు వచ్చి పెట్టాలి.

లీలామహల్_సెంటర్
కండిప్పా.

బైరాగిపట్టెడ_బాల (మరుసటి ఆదివారం)
పేపర్ వచ్చింది. 9 అడ్డం ఖండితం, 9 నిలువు ఖంగు. లీలామహల్ అన్నా, దోశ సంగతి మీరూ గిరి గారూ చూసుకోండి. ఈ వారం 4 నిలువు అర్థం కాలేదు, కొత్త చర్చ పెడుతున్నాను. ఈసారి ఆధారం మొత్తం రాస్తాను.

అలిపిరి_మెట్లు
అచ్చయినంత మాత్రాన వ్యాకరణం మారదు. వాళ్లకు ఉత్తరం రాస్తున్నాను.

పుత్తూరు_కట్టు
ఎన్ని గళ్లలో?